పాత లామినేట్ షట్టర్లకు రంగు వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న:
వంటగదిలో గట్టు పైన, కింద కలిపి 14 షట్టర్లు. ఒక్కోటి సుమారు 45 × 70 సెం.మీ. ప్లైవుడ్ మీద నిగనిగలాడే లామినేట్. చెక్క గట్టిగానే ఉంది, సింకు కింద పలక ఒక్కటే ఉబ్బింది. కొత్తవి చేయించకుండా రంగు మారుద్దామని ఆలోచన. స్టవ్ వెనక టైల్స్ సందులు నల్లబడ్డాయి. రంగు పెచ్చులూడకుండా ఏ వరసలో చేయాలి? ఏ రంగులు నయం?

జవాబు 1:
నిలుస్తుందండీ, జిడ్డు పూర్తిగా వదిలితేనే. చాలామంది ముందే ఎమ్రీ పేపర్ పట్టేస్తారు. అప్పుడు జిడ్డు ఆ గీతల్లోకి దిగిపోతుంది, ఇక ఏ ప్రైమరూ (రంగుకు ముందు వేసే పట్టు పూత) పట్టదు. షట్టర్లు ఊడదీసి నంబర్లు వేయండి. వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వండి. హ్యాండిళ్ల చుట్టూ, స్టవ్ పక్కన ఇంకోసారి కడగాలి. ఆ తర్వాతే 220 నంబరు ఎమ్రీ. మెరుపు పోతే చాలు, లామినేట్ అరిగి లోపలి పొర బయటపడకూడదు.

ప్రైమర్ మామూలు గోడలది కాదు, నున్నటి ఉపరితలాలకు పట్టే బాండింగ్ ప్రైమర్ కావాలి. ముందు ఒక షట్టర్ వెనక మూలన వేసి, బాగా ఆరాక బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, టేపు అంటించి లాగండి. ఊడివస్తే మిగతావాటికి వేయకండి.

ముందువైపు మాత్రమే అయితే మొత్తం 4.4 చదరపు మీటర్లు. లీటరుకు 10 చదరపు మీటర్ల లెక్కన ప్రైమర్ అర లీటరు, రెండు కోట్లకు ఎనామిల్ లీటరు. అంచులకు కాస్త అదనంగా ఉంచుకోండి. ఫోమ్ రోలర్‌తో పలుచగా వేయండి. మందంగా వేస్తే కారుతుంది, పైన ఆరినా లోపల మెత్తగానే ఉంటుంది.

జవాబు 2:
రంగు గురించి: నూనె ఆధారిత తెల్ల ఎనామిల్ కాలక్రమంలో పసుపు తిరుగుతుంది, వెలుతురు తక్కువున్న చోట మరీను. నీటి ఆధారిత యాక్రిలిక్ ఎనామిల్ తీసుకోండి, సాటిన్ (ఓ మోస్తరు) మెరుపులో. మెరుపు లేని మ్యాట్ మీద నూనె మరకలు తుడిస్తే మచ్చ మిగులుతుంది. పూర్తి నలుపు, ముదురు నీలం మీద వేలిముద్రలు, నీటిచుక్కల మచ్చలు అన్నిటికంటే ఎక్కువ కనబడతాయి. కింద బూడిద కలిసిన ఆకుపచ్చ, పైన లేత గోధుమ తెలుపు లాంటి జత అయితే మురికి త్వరగా తేలదు, గది ఇరుకుగానూ అనిపించదు. ముందు అట్టముక్క మీద రెండు కోట్లు వేసి పగటివెలుగులోనూ, రాత్రి మీ వంటగది లైటు కిందా చూడండి.

సింకు కింది ఉబ్బిన పలకకు లప్పం పెట్టకండి. లీకు ఆపి, పలక మార్చి, కొత్తదాని అంచులన్నీ సీల్ చేయాలి.

జవాబు 3:
టైల్స్ సందుల్లో నింపిన పాత గ్రౌట్‌ని టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకు గీకి తీయాలి. పైపైన పూస్తే పొరలుగా రాలుతుంది. స్టవ్ వెనక ఎపాక్సీ గ్రౌటే (రెసిన్, గట్టిపరిచే పదార్థం కలిపి వాడేది) మంచిది, జిడ్డు పీల్చదు. కానీ కొద్దికొద్దిగానే కలపండి, ప్యాకెట్ మీది పాళ్లు మార్చకండి. టైల్ మీద మిగిలిన పలుచటి పొరను గట్టిపడకముందే తుడవాలి, తర్వాత తీయడం చాలా కష్టం. గట్టు, టైల్ కలిసే మూలలో మాత్రం గ్రౌట్ వద్దు. అక్కడ రెండూ కొద్దికొద్దిగా కదులుతాయి, గ్రౌట్ చీలి నీళ్లు లోపలికి పోతాయి. బూజు పట్టని శానిటరీ సిలికాన్ పెట్టండి. అయితే రంగు పని పూర్తయ్యాకే, ఎందుకంటే సిలికాన్ అంటిన చోట రంగు నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
రంగు ఆరాక షట్టర్లు ఎప్పుడు బిగించవచ్చు?

జవాబు 1:
తాకితే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. రెండు మూడు రోజులాగి బిగించండి, లోపలివైపు రబ్బరు బొట్లు అతికించండి, లేకపోతే రంగు ఫ్రేముకు అంటుకుని ఊడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల దాకా గట్టిగా రుద్ది తుడవకండి, మెత్తటి తడిగుడ్డ చాలు.