ఒడ్డున దొరికే జీవాలతో చల్లటి సముద్రపు ట్యాంకు: చిల్లర్ నిజంగా కావాలా?

పోటునీరు: చల్లటి సముద్రతీరాల్లో నీరు వెనక్కి తీశాక రాతి గుంటల్లో పీతలు, చిన్న రొయ్యలు, ఎర్రటి బీడ్‌లెట్ అనెమొనీలు (రాతికి అతుక్కుని పువ్వులా కనిపించే మెత్తటి జీవాలు) మిగిలిపోతాయి కదా, వాటితో ట్యాంకు పెడదామనుకుంటున్నాను. అందరూ ముందు చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, కొనమంటున్నారు. ఎండకి ఆ గుంటలు వేడెక్కుతాయి, వానకి ఉప్పదనం తగ్గుతుంది. అవన్నీ తట్టుకునే వాటికి ఇంత ఖర్చు దండగ కాదా?

ఉప్పురాయి: దండగ కాదండీ. గుంట వేడెక్కినా కొన్ని గంటలే, మళ్లీ పోటు రాగానే చల్లబడుతుంది. మీ ట్యాంకుకి పోటు ఎక్కడి నుంచి వస్తుంది? వేసవిలో 24 డిగ్రీలకు చేరిందంటే వారాల తరబడి దిగదు. పైగా పంపులు, లైట్లు కూడా నీటిని వేడి చేస్తూనే ఉంటాయి. 10 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 25 దగ్గర 7 కూడా పట్టదు. వేడికి జీవాలకేమో ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదే ఇది.

నాచుబండ: మరీ భయపెట్టకండి. ఏడాది పొడుగునా చల్లగా ఉండే గది ఉంటే, అనెమొనీలు రెండు మూడింటితో సరిపెట్టుకుంటే చిల్లర్ లేకుండా నడుస్తుంది. తేడా కనిపిస్తే తెచ్చిన చోటే వదిలేయొచ్చు, అదే కదా లోకల్ జీవాలతో సుఖం!

ఉప్పురాయి: గది సంగతి ఒప్పుకుంటా, వేసవిలో థర్మామీటర్ చూశాకే లెండి. వదిలేయడం మాత్రం వద్దు. షాపులో కొన్న రాయో చేపో ఒక్కటి మీ ట్యాంకు నీటిలో పడినా, దాని రోగాలు సముద్రంలోకి పోవచ్చు. కాలర్పా టాక్సిఫోలియా అనే నాచు గురించి వినే ఉంటారు. అక్వేరియంలలో పెంచే రకం 1984లో మొనాకో తీరంలో బయటపడి, తర్వాత మధ్యధరా సముద్రంలో చాలా చోట్లకు పాకింది. అసలు తెచ్చుకునే ముందే ఆ తీరంలో పట్టడానికి అనుమతి కావాలేమో కనుక్కోండి.

ఇంకోటి, జీవాల వ్యర్థాల నుంచి వచ్చే విషాలను తొలగించే బ్యాక్టీరియా చల్లటి నీటిలో మెల్లగా పెరుగుతుంది. ఆ విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి వెచ్చటి ట్యాంకు కన్నా ఎక్కువ రోజులు పడుతుంది. అందాకా ఏదీ వేయకండి. గదిలో తేమ ఉంటే పలచటి గాజు బయట నీళ్లు పట్టి లోపల ఏమీ కనిపించదు, కింద చెక్క స్టాండు ఉబ్బిపోతుంది. మందం ఉన్న యాక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) ట్యాంకు నయం.

పోటునీరు: సరే, చిల్లర్‌కి డబ్బులు పక్కన పెడతాను. పీత ఒక్కటైనా?

ఉప్పురాయి: వద్దండీ. అది రొయ్యల్ని తింటుంది, పైపు పట్టుకుని పైకెక్కి గదిలో తిరుగుతుంది. తప్పదంటే దానికి వేరే ట్యాంకు, గట్టి మూత.

నాచుబండ: మూత సంగతి నిజమే. రెండు అనెమొనీలకు చిల్లర్ అంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.