అప్‌డేట్: పైడిభీమవరం బల్క్ డ్రగ్ (మందుల ముడి పదార్థాల) యూనిట్ భద్రతా నివేదిక – చివరికి ఏం తేలిందంటే

టోలుయిన్ అనే మండే సాల్వెంట్ (ద్రావకం) ఉన్న రియాక్టర్‌లోకి, అంటే రసాయన చర్య జరిపే పాత్రలోకి, పొడి పదార్థం పోసే దశను 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం సమర్పించే భద్రతా నివేదికలో ఎలా సమర్థించాలని ఇదివరకు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కాగితాల మీద కాకుండా, ఆ పని రోజూ చేసే ఆపరేటర్లను కూర్చోబెట్టి హాజోప్ (ప్రతి దశలో ఏం తప్పు జరగవచ్చో వరుసగా పరిశీలించే పద్ధతి) చేయమన్న సలహాయే పనికొచ్చింది. స్థిర విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా భూమిలోకి పోవడానికి సాల్వెంట్ డ్రమ్ములకు తగిలించే ఎర్తింగ్ క్లిప్పు కింద పెయింట్ పొర అలాగే ఉండిపోయి, లోహానికి లోహం తగలడమే లేదని రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఒకరు చూపించారు. బయటి నుంచి వచ్చిన భద్రతా నిపుణులు మీటరు పెట్టి చూస్తే, 10 ఓమ్‌ల లోపు ఉండవలసిన నిరోధం అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీల సెల్సియస్ కాబట్టి మన వైపు పుష్యమాసపు తెల్లవారుజామున కూడా దాని ఆవిరి అంటుకోగలదు. ప్లాస్టిక్ సంచి నుంచి పొడి జారేటప్పుడు కూడా స్థిర విద్యుత్తు పుడుతుంది. అందువల్ల సంచి నుంచి నేరుగా రియాక్టర్ మ్యాన్‌హోల్‌లోకి పొడి కుమ్మరించే పద్ధతిని పూర్తిగా మాన్పించి, ముందు పొడి వేసి, మూత బిగించి, నైట్రోజన్ నింపి, ఆక్సిజన్ శాతం చూసిన తరువాతే సాల్వెంట్ ఎక్కించేలా బ్యాచ్ షీటునే (ఆపరేటర్లు అనుసరించే పని క్రమ పత్రాన్నే) మార్చాము. నా దృష్టిలో నివేదికకు ప్రాణం ఈ మార్పే.

ఆవిరి వ్యాప్తిని లెక్కగట్టే ఖరీదైన సాఫ్ట్‌వేర్ గురించి కూడా అప్పట్లో ఇక్కడ చర్చ జరిగింది కానీ, ఈ దశకు అది అవసరపడలేదు. కొత్త యూనిట్లవారు మాత్రం పని ప్రారంభానికి కనీసం 90 రోజుల ముందే నివేదిక అందజేయాలని గమనించగలరు. మా సవరించిన నివేదికను అధికారులు అంగీకరించారు.