సీజే3బీ జీపుకి 31 ఇంచుల టైర్లు వేశాక ఘాట్‌లో లాగట్లేదు, క్రౌన్ పినియన్ మార్చాలా?

విజీనగరం జీపు:
అన్నలూ ఒక డౌట్. నాన్న వాడిన పాత పెట్రోల్ సీజే3బీ, హరికేన్ ఇంజన్, త్రీ స్పీడ్ గేర్‌బాక్స్. 6.00-16 టైర్లు తీసేసి 15 ఇంచుల రిమ్ములు, 31 బై 10.5 టైర్లు వేయించా. లుక్ అదిరింది గానీ ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్‌లో ఇదివరకు సెకండ్‌లో హాయిగా పోయే చోట ఇప్పుడు మూలుగుతోంది, ఫస్ట్‌కి దించాలంటే దానికి సింక్రో (బండి నడుస్తుండగా గేరు సాఫీగా పడేలా చేసేది) లేదు, బండి దాదాపు ఆపితే గానీ పడదు. కార్బురేటర్, పాయింట్లు, కంప్రెషన్ అన్నీ ఓకే. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో 4.88 క్రౌన్ పినియన్ (షాఫ్ట్ తిప్పుడుని చక్రాలకిచ్చే పళ్లచక్రాల జత) వేస్తే పికప్ పెరుగుద్ది అంటున్నాడు మెకానిక్. వేయించమంటారా?

బెజవాడ ఫోర్‌వీల్:
ఆగు బ్రో, అది ఉల్టా అయిద్ది. దీనికి కంపెనీ ఇచ్చింది 5.38, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడుని యాక్సిల్‌కి తెచ్చే పొడుగు రాడ్డు) 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఆ నంబర్ పెద్దదయ్యే కొద్దీ లాగుడు ఎక్కువ. నీ పాత టైరు ఎత్తు సుమారు 724 ఎంఎం, ఇప్పుడున్నది 787, హౌసింగ్ ముట్టుకోకుండానే నీ 5.38 కాస్తా 4.95లా పనిచేస్తోంది, దాని మీద 4.88 కూడా వేశావంటే 4.49కి పడిపోద్ది, ఇక ఘాట్ సంగతి మర్చిపో. పైగా వెనక ఒక్కటే మారిస్తే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరగాలని చూస్తాయ్, ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేరు పెట్టె) పని అయిపోద్ది.

పాత ఇనుము:
అసలు లోపల 5.38 ఉందో లేదో ముందు చూస్కో తమ్ముడూ, ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో ఎవరికి తెలుసు. వెనక ఒక చక్రం జాకీ మీద లేపి, మిగతా మూడింటికీ రాళ్లు గట్టిగా పెట్టి, న్యూట్రల్‌లో ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు (అవతలి చక్రం కదలదు కాబట్టి ఇక్కడ రెండు చుట్లు తిప్పితేనే ఒక చుట్టు లెక్క), షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి లెక్కపెట్టు. అయిదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైన వస్తే 5.38, అయిదుకి కాస్త తగ్గితే 4.88. హ్యాండ్‌బ్రేక్ మాత్రం వదిలెయ్, ఈ జీపుల్లో అది పట్టేది ఆ షాఫ్ట్‌నే.

విజీనగరం జీపు:
థాంక్స్ అన్నా. పోనీ ఘాట్‌లో లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేసులో లాగుడు పెంచే గేరు) వేసుకుని ఎక్కొచ్చా?

బెజవాడ ఫోర్‌వీల్:
లో పడాలంటే ముందు ఫోర్‌వీల్ వేయాలిగా, పొడి తారురోడ్డు మలుపుల్లో వద్దు.

హైవే మామ:
నన్నడిగితే హైవే మీద 31లే సుఖం, 80లో పాత టైర్లతో 3150 ఆర్‌పీఎం దాకా అరిచేది ఇప్పుడు 2900కి దిగుద్ది. మీటర్ మాత్రం నమ్మకు, 60 చూపిస్తే నువ్వు 65లో ఉన్నట్టు. కానీ నీది ఘాట్ బండి. రిమ్ము 7 ఇంచుల వెడల్పైతే 235/75 ఆర్15 వేసేయ్, ఎత్తు 733, దాదాపు పాత లెక్కే. ఎక్కడం సరే, దిగేటప్పుడు ఆ 9 ఇంచుల డ్రమ్ములతో 31లని ఎలా ఆపుతున్నావ్ అసలు?