సమస్య: చచ్చినట్టివాఁడె చంపె నతని

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. పైన ఇచ్చిన సమస్య చివరి పాదంగా వచ్చేట్టు పద్యం పూరించాలి. ఉమ్మడి కుటుంబం, ఆస్తి, హత్య, ఇంట్లోవాళ్లు దాచిన గుట్టు, ఇవన్నీ నాలుగు పాదాల్లో పట్టాలి. దయ్యాల్ని తేవద్దు.

గోదారి గట్టు:
మందు సీసలోన మాటున విషమును
కలిపి యుంచి తండ్రి కన్ను మూసె
పదవనాఁటి రాత్రి పట్టి దానిని త్రావె
చచ్చినట్టివాఁడె చంపె నతని

పద్యం పంతులు: గణాలూ యతులూ సరిపోయాయి, పదో రోజు రాత్రి అనడం చాలా బాగుంది, చుట్టాలంతా ఇంట్లోనే ఉంటారు కదా, అనుమానం అందరి మీదా పడుతుంది. కానీ కన్నకొడుక్కి తండ్రి విషం ఎందుకు పెట్టాడండీ? కారణం లేని హత్య ఏం హత్య?

గోదారి గట్టు: కొడుకు బలవంతంగా వీలునామా రాయించుకున్నాడు మాస్టారూ, పద్యంలో చోటు చాల్లేదు.

ప్లీడరు గారబ్బాయి: వీలునామాకి ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. బలవంతం చూసి నోరు మూసుకున్న ఆ ఇద్దరిలో ఒకణ్ణి పద్యంలోకి లాగాల్సింది.

కవిరాజు ఫ్యాన్:
కవల లిద్దరందు కడచె నొకండని
లోకమెల్ల నమ్మె లోపలేమొ
అన్నవేషమందు నాతఁడే యుండెను
చచ్చినట్టివాఁడె చంపె నతని

పద్యం పంతులు: చివర 'అతని' అంటే ఎవర్ని? హత్యకి గురైనవాడు పద్యంలోనే లేడు! పైగా కవలలు. ముందు సూచించకుండా కవలల్ని దింపకూడదని డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే తన పది సూత్రాల్లో రాసి పెట్టాడు. మీరు మొదటి పాదంలోనే చెప్పేశారు కాబట్టి తప్పు పట్టను, కాకపోతే గుట్టు కూడా అక్కడే బయటపడిపోయింది.

ఓరుగల్లు పిల్ల:
గల్ఫు కేఁగి యన్న గతియించె నంచును
తమ్ముఁ డతని పొలము తనది చేసె
కాగితాన చచ్చి కసితోడ దిగివచ్చి
చచ్చినట్టివాఁడె చంపె నతని

పద్యం పంతులు: ఇదీ పూరణ అంటే! మా ఓటు దీనికే.

ప్లీడరు గారబ్బాయి: ఓటు నాదీ ఇదే, చిన్న మెలిక తప్ప. ఏడేళ్లపాటు కబురు తెలియాల్సినవాళ్లకి కూడా తెలియకపోతేనే చట్టం మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది. పోనీ అదీ అయిందనుకుందాం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోతే, తల్లో భార్యో పిల్లలో ఉండగా తమ్ముడికి గజం కూడా రాదు. అంటే అన్నకి పెళ్లయిన సంగతి ఈ తమ్ముడు ఎక్కడో దాచాడన్నమాట, అసలు గుట్టు అదే, కథంతా దాని చుట్టూ తిరగాలి. ఇంకోటి, హత్య చేశాక తమ్ముడి ఆస్తి అన్నకి రాదు, అదే చట్టంలో 25వ సెక్షన్ అడ్డం. తన పొలం మాత్రం తనదే. మొదటి రెండు పాదాలు ఇలా మారిస్తే?

ఏడు వత్సరములు నెఱుఁగము జాడని
తమ్ముఁ డన్న పొలము తనది చేసె

ఓరుగల్లు పిల్ల: ఏడేళ్లు బాగుందన్నా, కానీ గల్ఫు తీసేస్తే మా వైపు పద్యమే కాదది. మా కరీంనగర్ దిక్కు ఇట్లా పోయినోళ్ల ఇండ్లు ఎన్నో. దాచిన వదినను ఇంకో పద్యంలో తెస్తా, ఇది మాత్రం మార్చ.

నిర్వాహకుడు: రెండోది ఆదివారంలోపు పంపమ్మా.