ఫ్రెస్సెన్: కతికామా, గతికామా?

తెనాలి పాఠకురాలు: ఇటలీ యూదు రచయిత ప్రీమో లేవీ ఆష్విట్జ్ నాజీ నిర్బంధ శిబిరపు అనుభవాల మీద చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికలో వచ్చిన వ్యాసంలో "అక్కడ మేము భోజనం చెయ్యలేదు, కతికాం" అనే వాక్యం చదివిన గుర్తు. అది "కతికాం" కాదేమో, "గతికాం" అని ఉందేమో అన్న అనుమానం కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. మూలంలో మనిషి తినడానికి వాడే జర్మన్ మాట "ఎస్సెన్"ను కాదని, పశువు తినడానికి వాడే "ఫ్రెస్సెన్"ను ఎంచుకున్న చోటు అదే. ఆ సంచిక ఎవరి దగ్గరైనా ఉందా?

వరంగల్ మాస్టారు: సంచిక నా దగ్గర లేదు కానీ, అమ్మా, ఆ రెండు మాటలూ అనువాదకుడి తొందరపాటే. పశువు తిండికి "మేయు" అనే చక్కటి క్రియ మనకు ఉండగా వేరే వెతుకులాట దేనికి? "మేశాం" అంటే సరిపోయేది.

అనువాదకురాలు: మాస్టారూ, మేతలో నెమ్మది ఉంది, నెమరు ఉంది. పైగా పశువుకు మేత వేసేవాడు అది బతకాలని వేస్తాడు. లేవీ వర్ణించింది నిలబడి, నోరూ గొంతూ కాలిపోతున్నా ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా తినడాన్ని. నేనైతే "మెక్కాం" అంటాను.

విజయనగరం నుంచి: "మెక్కు" అసలే పనికిరాదండీ. అది కడుపు నిండినవాణ్ణి తిట్టే మాట. ఇంకా తినవలసినవాళ్ళు ఎవరని కాపో (తోటి ఖైదీల మీద పెత్తనానికి పెట్టిన ఖైదీ) అడిగినప్పుడు "ఫ్రెస్సెన్" అనే అన్నాడనీ, వెక్కిరింపుగా మాత్రం అనలేదనీ, ఖైదీలు కూడా తమలో తాము ఆ మాటే వాడుకునేవారనీ లేవీ స్పష్టంగా చెప్పాడు. తిట్టు అయితే మనసులోనైనా తిప్పికొట్టవచ్చు. తన తిండికి తానే ఆ పేరు పెట్టుకునే స్థితికి మనిషిని తెచ్చారన్నదే అక్కడి ఘోరం. కాబట్టి మన మాటలో దూషణ ఉండకూడదు. నా ఓటు "గతుకు"కే. మా ఇళ్ళల్లో కుక్క నాలుకతో గంజి తాగడాన్ని గతకడం అంటాం. ఆ శిబిరంలో కొత్తగా వచ్చినవాడికి చెంచా ఇచ్చేవారు కాదు. సగం రోజు రొట్టెనో లీటరు సూపునో ఇచ్చి దొంగచాటుగా కొనుక్కోవాలి, లేదా కుక్కలా గతకాలి. 1945 జనవరిలో విడుదలయ్యాక చూస్తే గిడ్డంగులలో సరికొత్త ప్లాస్టిక్ చెంచాలు వేలకొద్దీ ఉన్నాయని లేవీ 1986 నాటి పుస్తకంలో రాశాడు. కొరత వల్ల కాదు, కావాలనే ఇవ్వలేదు.

వరంగల్ మాస్టారు: చెంచా సంగతి నాకు తెలియనిది కాదు, "మేయు"ను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే "గతుకు" సూపుకే సరిపోతుంది. రొట్టెను ఎవరూ గతకరు. రెంటికీ చెల్లేది "కతుకు".

అనువాదకురాలు: "నాలుగు మెతుకులు కతికి వెళ్ళు నాయనా" అని మా అమ్మమ్మ ఎంతో ప్రేమగా అనేది. మనిషితనం ఇంకా మిగిలి ఉన్న ఆ మాటను ఫ్రెస్సెన్‌కు ఎలా ఇవ్వగలం? ఈ చర్చ చదువుతుంటే నాకు జర్మన్‌లో రాసిన యూదు కవి పాల్ సెలాన్ గుర్తుకు వస్తున్నాడు. తాగడానికి కూడా జర్మన్‌లో రెండు మాటలున్నాయి: మనిషికి "ట్రింకెన్", పశువుకు "జాఉఫెన్". తెల్లవారుజాము నల్లని పాలను రాత్రీ పగలూ తాగుతున్నామని ఖైదీల చేత పదే పదే చెప్పించిన ఆ కవితలో ఆయన ప్రతిసారీ "ట్రింకెన్" అనే అన్నాడు, ఒక్కసారైనా రెండో మాట రానివ్వలేదు. 1942లో ట్రాన్స్‌నిస్ట్రియా శిబిరాలకు తరలింపుకు గురై, అక్కడ హత్యకు గురైన తల్లి ఆయనకు నేర్పిన భాష అది. ఆమెను చంపినవాళ్ళదీ ఆ భాషే. మనుషుల మాటను ఖైదీల నోట నిలబెట్టడం సెలాన్ చేసిన పని అనుకుంటాను. తెలుగులో రెండింటికీ "తాగు" ఒక్కటే అయ్యేసరికి ఆ పట్టుదల కనబడకుండా పోతుంది.

విజయనగరం నుంచి: "గ్రోలు" అంటే?

అనువాదకురాలు: వద్దండీ, అందులో తేనె ఉంది.

తెనాలి పాఠకురాలు: అందరికీ కృతజ్ఞతలు. "కతికాం" అని ఉందేమోనన్న భయం నాకు ఇప్పుడు ఇంకా పెరిగింది, ఎందుకంటే మా అమ్మ కూడా ఆ మాటను ప్రేమగానే వాడేది. పాత సంచికలున్న గ్రంథాలయం ఎవరికైనా దగ్గరలో ఉంటే, ఆ ఒక్క అక్షరం చూసి చెప్పండి.

వరంగల్ మాస్టారు: చూస్తానమ్మా. అచ్చులో "గ" ఉన్నా సరే, రొట్టె విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంటుంది.