వైరస్ లోపలికి రావడానికి ఆక్టిన్ అడ్డంకా, సాయమా?

సందేహాల రాయుడు:
కణపొర కింద ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు దట్టంగా అల్లుకుని ఉంటాయి కదా. ఫ్లూ వైరస్‌ని లోపలికి లాగేది అవేనని మా మేడమ్ అంటారు. మా సీనియర్ మాత్రం సైటోకలాసిన్ మందు వేసి ఆక్టిన్‌ని చెడగొట్టినా ఇన్ఫెక్షన్ తగ్గలేదంటాడు. ఎవరిది రైటు?

గోడ మీద పిల్లి:
అడ్డంకే. విశ్రాంతిలో ఉన్న టీ కణంలో (రోగనిరోధక కణం) హెచ్‌ఐవీ ఏం చేస్తుందో చూడండి. కోఫిలిన్ అనే ప్రోటీన్‌ని లేపి, పొర కింది ఆక్టిన్‌ని కదిలించి దారి చేసుకుంటుంది. సాయం చేసేదైతే అంత తంటా ఎందుకు?

మైక్రోస్కోప్ బాధితుడు:
ఒక్క వైరస్‌ని చూసి అన్నిటికీ తీర్పు చెబితే ఎలాగండీ? పశువులకు నోటి పుండ్లు తెచ్చే వీఎస్‌వీ అనే వైరస్ ఉంది. బుల్లెట్ ఆకారం, సుమారు 200 నానోమీటర్ల పొడవు. క్లాత్రిన్ అనే ప్రోటీన్ కణపొరలో చేసే గుంటలో కూర్చుని లోపలికొస్తుంది, కానీ మామూలు గుంటలో అది పట్టదు. దీనికే 75 నానోమీటర్ల పొట్టి రూపం కూడా ఉంది. 2010లో వచ్చిన పరిశోధన పేపర్లో రెండింటినీ పోల్చారు. ఆక్టిన్‌ని ఆపితే పొడుగుది గుంటలో ఇరుక్కుపోయింది, పొట్టిది హాయిగా వెళ్లిపోయింది. పైనున్న ప్రోటీన్ రెండింటికీ ఒకటే. తేడా అంతా సైజుదే.

గోడ మీద పిల్లి:
ఆక్టిన్‌ని ఆపే మందు వేస్తే కణాలే ముడుచుకుపోతాయి, కళ్లారా చూశా. ఆగింది ఆక్టిన్ లేకనో, కణం చెడిపోయో ఎలా తెలుస్తుంది?

మైక్రోస్కోప్ బాధితుడు:
కణమే చెడిపోతే పొట్టిది కూడా ఆగాలిగా!

గోడ మీద పిల్లి:
సరే, వీఎస్‌వీ వరకు ఒప్పుకున్నా. హెచ్‌ఐవీ మీద నా మాట నాదే.

నరాల నాయుడు:
మీరంతా గుమ్మం దగ్గరే కొట్టుకుంటున్నారు. హెర్పిస్ వైరస్ నరం పోగులో 10 మిల్లీమీటర్లు ఏ సాయమూ లేకుండా, ఊరికే తేలుతూ పోవాలంటే 231 ఏళ్లు పడుతుందని 2000లోనే లెక్కగట్టారు. అది మైక్రోట్యూబ్యూళ్లనే సన్నని గొట్టాల పట్టాల మీద, డైనిన్ అనే మోటార్ ప్రోటీన్ బండెక్కి పోతుంది.

మైక్రోస్కోప్ బాధితుడు:
నిజమే, అది ఇంకో థ్రెడ్ తెరవాల్సినంత కథ. రాయుడు గారూ, మీ ఫ్లూ సంగతికొస్తే, కణాలు ఒకదానికొకటి ఆనుకుని పరుపులా పెరిగి పైముఖం, కిందిముఖం ఏర్పడితే పైనుంచి వచ్చే వైరస్‌కి ఆక్టిన్ కావాలి. విడివిడిగా ఉన్న కణాల్లో ఆ అవసరం కనబడదు. మీ సీనియర్ ఏ కణాలు వాడాడు?

సందేహాల రాయుడు:
ఇప్పుడే అడిగా. ఎండీసీకే, కుక్క కిడ్నీ కణాలు. టైమ్ లేక, ప్లేటు సగం నిండగానే వైరస్ వేసేశాడట.