డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: తప్పు ఒప్పుకొని ఫైన్ కట్టేయడమా, వకీలును పెట్టుకోవడమా?

నకిరేకల్ సభ్యుడు:
మా బావమరిది పెండ్లి దావత్ నుంచి బైకు మీద వస్తుండగా నార్కట్‌పల్లి దగ్గర పోలీసులు ఆపి శ్వాస పరీక్ష చేశారు. యంత్రంలో 62 వచ్చింది. ప్రమాదమేమీ జరగలేదు, ఇంతకుముందు అతనిపై ఇలాంటి కేసు కూడా లేదు. సోమవారం నల్లగొండ కోర్టుకు రమ్మన్నారు. తప్పు ఒప్పుకొని ఫైన్ కడితే మధ్యాహ్నానికల్లా ఇంటికి రావచ్చని, వకీలును పెట్టుకుంటే ఆ ఫీజు ఫైన్‌ను మించిపోతుందని ఊర్లో అందరూ చెబుతున్నారు. అతడు టాటా ఏస్ నడుపుకొని బతికేవాడు కాబట్టి మాకు భయంగా ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

జడ్చర్ల న్యాయవాది:
ఊర్లో వాళ్లు చెప్పేది ఫైన్ వరకు నిజమే గాని, ఈ కేసులో ఫైన్ చిన్న విషయం. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. రెండోసారి అయితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000 అవుతుంది. పోలీసులు రోడ్డు మీద చలానా రాసి ముగించగల నేరాల జాబితాలో ఇది లేదు, కాబట్టి కోర్టుకు వెళ్లక తప్పదు.

అసలు సంగతి 20వ సెక్షన్‌లో ఉంది. 185 కింద దోషిగా తేలినవారిని కనీసం ఆరు నెలల పాటు వాహనం నడపడానికి అనర్హులుగా ప్రకటించాలని ఆ సెక్షన్ చెబుతుంది. నెల జీతం తీసుకునేవారికి అది ఆరు నెలలు బస్సెక్కడంతో పోతుంది, మీ బావమరిదికి మాత్రం ఆరు నెలల సంపాదన పోతుంది. మళ్లీ దొరికి శిక్ష పడితే కోర్టు లైసెన్సునే రద్దు చేయాలి. అంతకంటే ముఖ్యంగా, తప్పు ఒప్పుకున్నాక పడిన శిక్షపై అప్పీలుకు వెళ్లినా, శిక్ష ఎంత పడింది, అది చట్టబద్ధమా అనేవి తప్ప నేరం జరిగిందా లేదా అన్నది మళ్లీ తెరవడానికి వీలుండదు. 'ఒప్పుకుంటున్నాను' అనే ఒక్క మాటకు ఇంత బరువు ఉందని కోర్టు వరండాలో నిలబడ్డ చాలామందికి తెలియదు.

సూర్యాపేట సభ్యురాలు:
వకీలు గారూ, మీరు చెప్పిన చట్టాన్ని నేను కాదనను. కాని తాగి బండి నడిపిన మనిషికి ఏ పొరపాటు దొరుకుతుందా, ఎలా తప్పించాలా అని వెతకడమే మీ వృత్తిలో చాలామంది చేసే పని. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా పక్క ఊర్ల జనం రోడ్డు దాటేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటారు. 30 పరిమితి ఉన్నచోట 62 వచ్చినవాడికి ప్రమాదం జరగకపోవడం అదృష్టం మాత్రమే, దాన్ని అతని మంచితనం కింద లెక్కగట్టడం సరికాదు. ఎవరైనా చనిపోయి ఉంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు భారతీయ న్యాయ సంహిత కింద ఐదేళ్ల వరకు జైలు పడే కేసు అయ్యేది. తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకోవడమే మర్యాద.

జడ్చర్ల న్యాయవాది:
అమ్మా, తప్పు ఒప్పుకోవద్దని నేను ఎక్కడా అనలేదు. చేసిన తప్పును ఒప్పుకుంటూనే న్యాయవాది ద్వారా అడగవలసినవి అడగవచ్చు. మొదటి నేరం, ప్రమాదం లేదు, కుటుంబం ఆ బండి మీదే ఆధారపడి ఉంది అనే సంగతులు న్యాయమూర్తి ముందు ఎవరో ఒకరు పెట్టాలి కదా. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మంచి ప్రవర్తన హామీపై విడిచిపెట్టమని కూడా కోరవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా న్యాయమూర్తి విచక్షణ, నేను ఎవరికీ హామీ ఇవ్వను, హామీ ఇచ్చే వకీలు దగ్గరకు వెళ్లవద్దని కూడా చెబుతాను.

ఇక లోపాలు వెతకడం గురించి. గుటక వేసిన వెంటనే ఊదిస్తే నోట్లో మిగిలిన మద్యం వల్ల యంత్రం ఎక్కువ చూపించవచ్చు, అందుకే కాసేపు ఆగి మళ్లీ ఊదించమని అడగడంలో తప్పులేదు. ఈ నేరంలో అరెస్టు చేసినవారిని రెండు గంటల్లోగా డాక్టరుతో పరీక్ష చేయించాలని, లేకపోతే విడుదల చేయాలని చట్టమే చెబుతోంది. తాగని మనిషి పొరపాటున ఇరుక్కుంటే అతన్ని కాపాడేవి కూడా ఇవే నియమాలు.

దేవరకొండ ఆటో డ్రైవర్:
నాది ఒక్క మాట. వకీలు ఫీజు భయంతోనే మావాళ్లు ఒప్పేసుకుంటారు. అయితే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. తండాల నుంచి వచ్చే ట్రాక్టర్ డ్రైవర్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ట్రాక్టర్ నడిపినా, ఈత చెట్టు కింద కల్లే తాగినా చట్టానికి ఒకటేనన్నది కూడా అంతే.

మహబూబ్‌నగర్ రిటైర్డ్ ఉద్యోగి:
ఊరూరా బెల్టు షాపులు నడవనిచ్చి, దావత్ కాడ మందు పోసి, చివరికి రోడ్డు మీద ఒక్కడిని పట్టుకుంటే ఏం ప్రయోజనం? జైలుకు, ఫైన్‌కు బదులు ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రమాద బాధితుల వార్డులో సేవ చేయిస్తే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం. కొత్త న్యాయ సంహితలో తాగి బహిరంగ ప్రదేశంలో అల్లరి చేసినవాడికి సమాజ సేవ శిక్షగా విధించే వీలు పెట్టారు, బండి నడిపినవాడికి 185లో పెట్టలేదు. ఇది నాకు తలకిందులుగా కనిపిస్తోంది.

సూర్యాపేట సభ్యురాలు:
సేవ శిక్ష గురించి పెద్దాయనతో ఏకీభవిస్తాను, బెల్టు షాపుల సాకుతో కాదు. దావత్‌లో పోసినవాళ్లు తాళం చెవి తీసుకోవలసింది, తాగినవాడు బస్సు ఎక్కవలసింది.

నకిరేకల్ సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. బైకు ఇంకా స్టేషన్‌లోనే ఉంది, దాని సంగతి కూడా చెప్పగలరా?

జడ్చర్ల న్యాయవాది:
డ్రైవర్ తాగాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని పట్టుకొని ఉంచరాదని, తాగని మనిషి వెంట ఉంటే అతనికి అప్పగించాలని, ఎవరూ లేకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో ఉంచి ఆర్‌సీ, గుర్తింపు పత్రం చూపిన యజమానికి ఇవ్వాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో వారు వెళ్లి రాతపూర్వకంగా అడగండి. సోమవారం మాత్రం పది గంటలకే వెళ్లి ముందు న్యాయసేవాధికార సంస్థలో కలవండి. కేసు పిలిచాక అడగడానికి వ్యవధి ఉండదు.

సూర్యాపేట సభ్యురాలు:
వెళ్లనివ్వండి. కాని 62 నిజమైనప్పుడు యంత్రం తప్పని మాత్రం చెప్పించకండి.